మ్యాట్‌ల్యాబ్ లైసెన్స్ గడువు అయిపోతోందా? ఆక్టేవ్, సైల్యాబ్, పైథాన్‌లలో మీకు ఏది సెట్ అవుతుంది.. మారే ముందు తప్పక చేయాల్సిన పనులివే!

ఇంజినీరింగ్ చదివినన్నాళ్లూ కాలేజీ ల్యాబ్‌లో మ్యాట్‌ల్యాబ్ ఉంటుంది. ల్యాబ్ రికార్డు, మినీ ప్రాజెక్టు, మేజర్ ప్రాజెక్టు.. అన్నీ దానిమీదే అయిపోతాయి. తీరా చదువు పూర్తయ్యాక స్టూడెంట్ లైసెన్స్ పోతుంది. రాత్రింబవళ్లు కూర్చుని రాసుకున్న ప్రోగ్రామ్ ఫైల్ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది కానీ రన్ అవ్వదు. ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వెళ్లే ముందు ఒకసారి ప్రాజెక్టు తిరగేద్దామన్నా కుదరదు.

విద్యార్థులకే కాదు.. చిన్న కంపెనీలకు, కన్సల్టెన్సీ పెట్టుకున్న ఇంజినీర్లకు, పీహెచ్‌డీ పూర్తి చేసి బయటకొచ్చిన వాళ్లకు కూడా ఇదే ఇబ్బంది. కొనాలంటే ఖర్చు. క్రాక్ వెర్షన్ వాడితే నేరం. మరి దారి ఏంటి? ఓపెన్ సోర్స్‌లో మూడు మంచి ఆప్షన్లు ఉన్నాయి. అయితే కళ్లు మూసుకుని మారిపోతే మాత్రం లెక్కలు తప్పే ప్రమాదం ఉంది. అసలు ఏది ఎంచుకోవాలి, ఎలా మారాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి.. పూర్తి వివరాలు ఇప్పుడు చూద్దాం.

అసలు మ్యాట్‌ల్యాబ్ ఎలా పుట్టింది?

చాలామందికి తెలియని విషయం ఏంటంటే.. మ్యాట్‌ల్యాబ్ మొదట్లో ఫ్రీగానే దొరికేది. అమెరికాలోని న్యూ మెక్సికో యూనివర్సిటీలో క్లీవ్ మోలర్ అనే ప్రొఫెసర్ 1970ల చివర్లో దీన్ని తయారుచేశారు. ఫోర్ట్రాన్ భాష నేర్చుకోకుండానే తన విద్యార్థులు మ్యాట్రిక్స్ లెక్కలు చేసుకోవాలన్నది ఆయన ఆలోచన. మ్యాట్రిక్స్ ల్యాబొరేటరీ అనే మాటలే కుదించుకుని మ్యాట్‌ల్యాబ్ అయ్యింది.

తర్వాత జాక్ లిటిల్ అనే ఇంజినీర్ దీనికి వ్యాపార అవకాశం ఉందని గుర్తించారు. ప్రోగ్రామ్‌ను సీ భాషలో తిరగరాశారు. 1984లో మ్యాథ్‌వర్క్స్ కంపెనీ మొదలైంది. ఇప్పుడు ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం మసాచుసెట్స్ రాష్ట్రంలోని నేటిక్‌లో ఉంది. కార్ల కంపెనీల నుంచి విమానాలు తయారుచేసే సంస్థల దాకా ఈ సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నాయి. పని బాగా చేస్తుంది, డాక్యుమెంటేషన్ కూడా బాగుంటుంది. అందులో సందేహం లేదు.

మరి సమస్య ఎక్కడ?

• బేస్ సాఫ్ట్‌వేర్ ఒక్కటే కొంటే సరిపోదు. సిగ్నల్ ప్రాసెసింగ్, ఇమేజ్ ప్రాసెసింగ్, కంట్రోల్ సిస్టమ్స్.. ఇలా ఒక్కో టూల్‌బాక్స్‌కూ విడిగా డబ్బు కట్టాలి.

• స్టూడెంట్ లైసెన్స్‌తో కమర్షియల్ పని చేయకూడదు. హోమ్ లైసెన్స్ సొంత వాడకానికి మాత్రమే. దాంతో క్లయింట్ పని చేస్తే నిబంధనలు ఉల్లంఘించినట్టే.

• బ్రౌజర్‌లో వాడుకునే ఉచిత బేసిక్ వెర్షన్ ఉంది కానీ, దానికి నెలకు 20 గంటల పరిమితి ఉంది.

• అన్నిటికంటే ముఖ్యమైనది.. లైసెన్స్ ఇచ్చే తాళం ఎప్పుడూ వేరే వాళ్ల చేతిలోనే ఉంటుంది.

ఆ తాళం పడితే ఏమవుతుందో చైనా విద్యార్థులకు 2020లో తెలిసొచ్చింది. హార్బిన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, హార్బిన్ ఇంజినీరింగ్ యూనివర్సిటీలను అమెరికా ప్రభుత్వం తన ఆంక్షల జాబితాలో చేర్చింది. ఆ తర్వాత జూన్‌లో ఆ రెండు విద్యాసంస్థల్లో మ్యాట్‌ల్యాబ్ ఆగిపోయింది. డబ్బు కట్టి కొనుక్కున్నదే అయినా వాడుకోలేని పరిస్థితి వచ్చింది.

2025 మేలో మరో ఘటన జరిగింది. మ్యాథ్‌వర్క్స్ కంపెనీపై ర్యాన్సమ్‌వేర్ దాడి జరిగింది. దాంతో లైసెన్స్ సెంటర్‌తో పాటు పలు ఆన్‌లైన్ సేవలకు కొన్ని రోజుల పాటు అంతరాయం కలిగింది. కంపెనీయే ఈ విషయాన్ని బయటపెట్టింది.

క్రాక్ వెర్షన్ వాడితే ఏమవుతుంది?

"అందరూ వాడుతున్నారు కదా" అని చాలామంది లైట్ తీసుకుంటారు. కానీ చట్టం అలా చూడదు. భారత కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 63బి ప్రకారం, పైరసీ కాపీ అని తెలిసి కూడా కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను వాడితే కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు శిక్ష పడొచ్చు. రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా కూడా ఉంటుంది. వ్యాపారం కోసమో, లాభం కోసమో వాడలేదని తేలితే జైలు శిక్ష లేకుండా రూ.50 వేలలోపు జరిమానాతో వదిలే అధికారం కోర్టుకు ఉంది.

పైగా క్రాక్ ఫైళ్లతో పాటు వైరస్‌లు రావడం మామూలే. ఆఫీసు కంప్యూటర్‌లో అలాంటిది పెట్టారంటే మీ ఒక్కరికే కాదు, కంపెనీ మొత్తానికి ముప్పు తెచ్చినట్టే.

ఆప్షన్ 1: గ్నూ ఆక్టేవ్.. పాత కోడ్ ఉన్నవాళ్లకు ఇదే బెస్ట్

మ్యాట్‌ల్యాబ్‌కు బాగా దగ్గరగా ఉండే సాఫ్ట్‌వేర్ ఆక్టేవ్. భాష దాదాపు అదే. మీ డాట్ ఎం ఫైళ్లు చాలావరకు ఉన్నవి ఉన్నట్టుగా, లేదంటే చిన్న మార్పులతో నడుస్తాయి.

దీని వెనక కథ కూడా కాలేజీదే. కెమికల్ రియాక్టర్ డిజైన్ పాఠ్యపుస్తకానికి తోడుగా ఒక సాఫ్ట్‌వేర్ ఉండాలని 1988 ప్రాంతంలో అనుకున్నారు. జాన్ ఈటన్ 1992లో పూర్తిస్థాయిలో పని మొదలుపెట్టారు. 1994 ఫిబ్రవరిలో వెర్షన్ 1.0 వచ్చింది. ఆక్టేవ్ అనగానే సంగీతంలోని స్వరాలు గుర్తొస్తాయి కానీ, ఈ పేరుకి సంగీతంతో సంబంధమే లేదు. ఈటన్‌కు పాఠాలు చెప్పిన కెమికల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ పేరు అది. కెమికల్ ఇంజినీరింగ్ చదివిన మన వాళ్లకు ఆయన పుస్తకం బాగా పరిచయమే.

2011లో ఆండ్రూ ఎన్‌జీ చెప్పిన ఆన్‌లైన్ మెషిన్ లెర్నింగ్ కోర్సు గుర్తుందా? అందులో అసైన్‌మెంట్లన్నీ ఆక్టేవ్‌లోనే చేసే వీలుండేది. మన దగ్గర చాలామంది ఆక్టేవ్ పేరు మొదటిసారి విన్నది అక్కడే.

2015లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి ఆక్టేవ్‌కు కూడా కిటికీలతో కూడిన స్క్రీన్ వచ్చింది. ఎడిటర్, కమాండ్ విండో, వేరియబుల్స్ లిస్ట్.. అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. మ్యాట్‌ల్యాబ్‌కు అలవాటుపడిన కంటికి పెద్ద తేడా తెలియదు.

టూల్‌బాక్స్‌లకు బదులు ఇందులో ప్యాకేజీలు ఉంటాయి. సిగ్నల్, కంట్రోల్, ఇమేజ్, స్టాటిస్టిక్స్, కమ్యూనికేషన్స్, సింబాలిక్.. ఇవన్నీ ఉచితమే. విండోస్ ఇన్‌స్టాలర్‌తో పాటే చాలా ప్యాకేజీలు వచ్చేస్తాయి. కాకపోతే ఒక మెలిక ఉంది. ప్యాకేజీ ఇన్‌స్టాల్ అయినంత మాత్రాన సరిపోదు. ప్రోగ్రామ్ మొదట్లో దాన్ని 'లోడ్' చేయాలి. "ఫంక్షన్ అన్‌డిఫైన్డ్" అని ఎర్రర్ వచ్చిందంటే చాలాసార్లు కారణం ఇదే. కంగారుపడి అన్‌ఇన్‌స్టాల్ చేసేయకండి.

ఆప్షన్ 2: సైల్యాబ్.. బ్లాక్ డయాగ్రామ్‌లు గీసేవాళ్లకు

సైల్యాబ్ ఫ్రాన్స్‌లో పుట్టింది. అక్కడి జాతీయ పరిశోధన సంస్థ ఇన్రియాలో తయారైంది. ఇందులో ఎక్స్‌కాస్ అనే భాగం ఉంది. సిమ్యులింక్‌లో లాగే బ్లాక్‌లు పెట్టి, గీతలతో కలిపి సిస్టమ్‌ను సిమ్యులేట్ చేయొచ్చు. కంట్రోల్ సిస్టమ్స్ ల్యాబ్‌కు ఇది బాగా పనికొస్తుంది.

అయితే భాష మ్యాట్‌ల్యాబ్‌లా కనిపించినా అదే కాదు. మ్యాట్‌ల్యాబ్‌లో కామెంట్‌కు శాతం గుర్తు (%) పెడతాం. సైల్యాబ్‌లో రెండు వాలు గీతలు (//) పెట్టాలి. అక్కడ శాతం గుర్తుకు అర్థమే వేరు. పై విలువ కావాలంటే పేరు ముందు శాతం గుర్తు పెట్టి రాయాలి. పాత ఫైళ్లను మార్చడానికి సైల్యాబ్‌లోనే ఒక కన్వర్టర్ ఉంది. కానీ అది మార్చి ఇచ్చిన ప్రతి ఫైల్‌నూ చేత్తో ఒకసారి సరిచూసుకోవాల్సిందే.

ఆప్షన్ 3: పైథాన్.. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు, ఉద్యోగం చూసుకునేవాళ్లకు

పైథాన్ ఒక్కటే అయితే మ్యాట్‌ల్యాబ్‌కు ప్రత్యామ్నాయం కాదు. దానికి నమ్‌పై, సైపై, మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే లైబ్రరీలు తోడైతేనే ఆ పని చేస్తుంది. ఎడిటర్‌గా స్పైడర్ వాడితే స్క్రీన్ మ్యాట్‌ల్యాబ్‌ను పోలి ఉంటుంది. ల్యాప్‌టాప్ లేకపోయినా గూగుల్ కొలాబ్‌లో బ్రౌజర్ నుంచే నడపొచ్చు. చిన్న ప్రోగ్రామ్ అయితే ఫోన్‌లోనూ చూసుకోవచ్చు.

మ్యాట్‌ప్లాట్‌లిబ్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. జాన్ హంటర్ అనే న్యూరో సైన్స్ పరిశోధకుడు మూర్ఛ రోగుల మెదడు సిగ్నళ్లను చూసే ప్రోగ్రామ్ మొదట మ్యాట్‌ల్యాబ్‌లోనే రాశారు. ప్రోగ్రామ్ పెద్దదయ్యేకొద్దీ ఇబ్బందులు మొదలయ్యాయి. దాంతో ఆయన పైథాన్‌కు మారిపోయారు. గ్రాఫులు గీసే సరైన లైబ్రరీ లేకపోవడంతో తనే ఒకటి రాసుకున్నారు. 2003లో విడుదలైన ఆ లైబ్రరీయే ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న మ్యాట్‌ప్లాట్‌లిబ్. 2019లో విడుదలైన తొలి బ్లాక్ హోల్ ఫొటో వెనక కూడా ఈ పైథాన్ లైబ్రరీల పాత్ర ఉంది.

ఇవి కాకుండా జూలియా అనే మరో భాష కూడా ఉంది. 2012లో బయటకొచ్చింది. దాన్ని తయారుచేసిన నలుగురిలో మన దేశానికి చెందిన వైరల్ షా ఒకరు. వేగం బాగుంటుంది. అయితే మొదటి అడుగు వేసేవాళ్లకు పై మూడింటిలో ఒకటి చాలు.

మీకు ఏది సెట్ అవుతుంది? సింపుల్‌గా చెప్పాలంటే..

• పాత డాట్ ఎం ఫైళ్లు బోలెడున్నాయి, వాటిని నడిపితే చాలు అనుకుంటే: ఆక్టేవ్

• సిమ్యులింక్ లాంటి బ్లాక్ డయాగ్రామ్‌లు కావాలంటే: సైల్యాబ్‌లోని ఎక్స్‌కాస్, లేదంటే ఓపెన్‌మోడెలికా

• కొత్త ప్రాజెక్టు మొదలుపెడుతున్నారు, డేటా సైన్స్, మెషిన్ లెర్నింగ్ వైపు వెళ్లాలనుకుంటే: పైథాన్

• రెండూ కావాలంటే: పాత కోడ్ ఆక్టేవ్‌లో ఉంచి, కొత్తది పైథాన్‌లో రాయండి. ఆక్ట్‌టుపై అనే లైబ్రరీతో పైథాన్ నుంచే ఆక్టేవ్ ప్రోగ్రామ్‌లను పిలవొచ్చు.

లైసెన్స్ ఉండగానే ఈ 5 పనులు చేసేయండి

ఇదే అసలు ముఖ్యమైన విషయం. లైసెన్స్ ముగిశాక చేద్దామంటే వీటిలో చాలా పనులు చేయలేం. గడువుకు నెల రోజుల ముందే మొదలుపెట్టడం మంచిది.

1. ఏ టూల్‌బాక్స్‌లు వాడుతున్నారో లిస్ట్ రాసుకోండి. ఇన్‌స్టాల్ అయిన వాటన్నిటితో పని లేదు. మీ ప్రోగ్రామ్ నిజంగా పిలుస్తున్నవి ఏవో చూడాలి. ప్రోగ్రామ్ రన్ చేశాక, వాడుకలో ఉన్న లైసెన్స్‌లను చూపించే కమాండ్ మ్యాట్‌ల్యాబ్‌లోనే ఉంది. ఆ లిస్ట్ పక్కన ఆక్టేవ్‌లోనో, పైథాన్‌లోనో దానికి బదులు ఏముందో రాసుకోండి.

2. లైవ్ స్క్రిప్ట్‌లను మామూలు ఫైళ్లుగా సేవ్ చేయండి. డాట్ ఎంఎల్ఎక్స్ ఫైళ్లను ఆక్టేవ్ తెరవలేదు. మ్యాట్‌ల్యాబ్‌లో 'సేవ్ యాజ్' నొక్కి డాట్ ఎం కింద మార్చేయండి. ఒక్క నిమిషం పని. తర్వాత మాత్రం ఇది పెద్ద తలనొప్పి అవుతుంది.

3. డేటా ఫైళ్లను పాత ఫార్మాట్‌లో సేవ్ చేయండి. డాట్ మ్యాట్ ఫైల్‌లో వెర్షన్ 7.3 వాడితే ఆక్టేవ్‌లో ఇబ్బందే. వెర్షన్ 7 ఎంచుకుంటే ఆక్టేవ్, సైపై రెండూ చదువుతాయి. ఒక్కో వేరియబుల్ 2 జీబీ దాటకూడదన్నది మాత్రం గుర్తుంచుకోండి. టేబుల్ రూపంలో ఉన్న డేటాను సీఎస్‌వీగా దాచుకోండి. ఎక్సెల్‌లో కూడా తెరుచుకుంటుంది.

4. సమాధానాలను కూడా దాచుకోండి. ఇన్‌పుట్ ఇదీ, వచ్చిన అవుట్‌పుట్ ఇదీ అని జంటగా ఫైళ్లలో పెట్టండి. గ్రాఫులను ఫొటోలుగా సేవ్ చేయండి. రేపు కొత్త సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన జవాబు కరెక్టా కాదా అని పోల్చుకోవడానికి ఇదొక్కటే ఆధారం. ప్రోగ్రామ్‌లో ర్యాండమ్ నంబర్లు ఉంటే, ఆ నంబర్లనే ఫైల్‌లో పెట్టుకోండి. ఒకే సీడ్ ఇచ్చినా వేరే సాఫ్ట్‌వేర్‌లో అవే నంబర్లు వస్తాయని నమ్మకం లేదు.

5. సిమ్యులింక్ మోడళ్లకు స్క్రీన్‌షాట్లు తీయండి. ప్రతి బ్లాక్‌లో ఇచ్చిన విలువలు, సాల్వర్ సెట్టింగ్‌లు, స్టెప్ టైమ్.. అన్నీ రాసిపెట్టుకోండి. వీటిని ఎక్స్‌కాస్‌లో మళ్లీ మొదటి నుంచి గీయాల్సిందే.

జాగ్రత్త.. ఎర్రర్ రాదు, కానీ జవాబు తప్పు!

ఎర్రర్ వస్తే ఫర్వాలేదు, సరిచేసుకుంటాం. అసలు ప్రమాదం ఎర్రర్ రాకుండా తప్పు జవాబు రావడం. ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది, గ్రాఫ్ కూడా వస్తుంది, కానీ అంకె వేరే ఉంటుంది. పైథాన్‌కు మారేవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. కొన్ని ఉదాహరణలు చూడండి.

• స్టాండర్డ్ డీవియేషన్: 2, 4, 6 అనే మూడు అంకెలు తీసుకోండి. సగటు 4. మ్యాట్‌ల్యాబ్‌లో స్టాండర్డ్ డీవియేషన్ 2 వస్తుంది. నమ్‌పైలో అదే అడిగితే 1.633 వస్తుంది. ఎందుకంటే మ్యాట్‌ల్యాబ్ మొత్తం అంకెల సంఖ్యలోంచి ఒకటి తీసేసి, అంటే రెండుతో భాగిస్తుంది. నమ్‌పై మూడుతో భాగిస్తుంది. రెండూ తప్పు కాదు, సూత్రాలు వేరు. నమ్‌పైలో డీడీఓఎఫ్ అనే ఆప్షన్‌కు 1 ఇస్తే మ్యాట్‌ల్యాబ్ జవాబే వస్తుంది.

• ఘాతం: మ్యాట్‌ల్యాబ్‌లో 2^3 అంటే 8. పైథాన్‌లో అదే రాస్తే జవాబు 1! అక్కడ ఆ గుర్తు బిట్ల మీద చేసే వేరే లెక్కకు వాడతారు. ఘాతం కావాలంటే 2**3 అని రెండు నక్షత్రాలు పెట్టాలి.

• రౌండ్ చేయడం: 2.5ని రౌండ్ చేస్తే మ్యాట్‌ల్యాబ్, ఆక్టేవ్ 3 ఇస్తాయి. పైథాన్ 2 ఇస్తుంది. సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు పక్కనున్న సరి సంఖ్యకు వెళ్లడం దాని పద్ధతి. బిల్లులు, మార్కుల లెక్కల్లో ఇది కొంప ముంచుతుంది.

• లెక్క మొదలయ్యే చోటు: మ్యాట్‌ల్యాబ్, ఆక్టేవ్, సైల్యాబ్‌లలో మొదటి అంశం 1. పైథాన్‌లో మొదటి అంశం 0. పైగా 2 నుంచి 5 వరకు అని అడిగితే పైథాన్ 5ను వదిలేస్తుంది.

• మ్యాట్రిక్స్ గుణకారం: మ్యాట్‌ల్యాబ్‌లో ఒక్క నక్షత్రం (*) పెడితే మ్యాట్రిక్స్ గుణకారం. నమ్‌పై అర్రేల్లో అదే గుర్తు పెడితే ఏ అంశానికి ఆ అంశం గుణిస్తుంది. మ్యాట్రిక్స్ గుణకారానికి @ గుర్తు వాడాలి.

• పేర్చే తీరు: 1 నుంచి 6 వరకు అంకెలను రెండు వరుసలు, మూడు నిలువు గళ్లలో పేర్చమంటే మ్యాట్‌ల్యాబ్ నిలువుగా పేరుస్తుంది. మొదటి వరుస 1, 3, 5 అవుతుంది. నమ్‌పై అడ్డంగా పేరుస్తుంది. మొదటి వరుస 1, 2, 3 అవుతుంది. ఇమేజ్ ప్రాసెసింగ్ చేసేవాళ్లు దీన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి.

ఆక్టేవ్‌లో ఇలాంటివి తక్కువ. కానీ అసలు లేవని కాదు. డబుల్ కోట్స్‌లో రాసిన పదాలతో ఇబ్బంది వస్తుంది. కొత్త మ్యాట్‌ల్యాబ్‌లో డబుల్ కోట్స్ పెట్టి రెండు పదాలను ప్లస్ గుర్తుతో కలిపితే అవి అతుక్కుంటాయి. ఆక్టేవ్‌లో అక్షరాల కోడ్ నంబర్లను కూడేస్తుంది. ఇంగ్లిష్ చిన్న అక్షరాలు మొదటిదాన్ని, రెండోదాన్ని అలా కలిపితే 97, 98 కూడి 195 వస్తుంది! అందుకే పదాలు కలిపే చోట్లన్నీ ముందే వెతికి సరిచేసుకోండి.

మరి రెండు జవాబులు పోల్చేటప్పుడు ఆఖరి అంకె దాకా ఒకేలా ఉండాలా? అక్కర్లేదు. దశాంశం తర్వాత పన్నెండో పదమూడో స్థానంలో తేడా రావడం మామూలే. కంప్యూటర్ లెక్క చేసే క్రమం మారినా ఆ తేడా వస్తుంది. ఐగెన్ వెక్టర్ల గుర్తు ప్లస్ నుంచి మైనస్‌కు మారినా తప్పు కాదు. కానీ రెండో మూడో స్థానంలోనే తేడా వచ్చిందంటే మాత్రం ఎక్కడో సూత్రం మారినట్టే. ఆగి చూడాలి.

ఎవరు మారకూడదు?

ఇదీ చెప్పాలి. ఓపెన్ సోర్స్ అన్నిటికీ మందు కాదు.

• సిమ్యులింక్ మోడల్ నుంచి నేరుగా కారు కంట్రోల్ యూనిట్‌కు కోడ్ తయారుచేసే పనిలో ఉన్నవాళ్లకు మారడం కష్టం. ఆ గొలుసు మొత్తాన్ని భర్తీ చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒక్కచోట దొరకదు.

• విమానాలు, వైద్య పరికరాల లాంటి రంగాల్లో ఏ టూల్ వాడారన్నది సర్టిఫికేషన్ పత్రాల్లో ఉంటుంది. మధ్యలో మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

• యాప్ డిజైనర్‌లో చేసిన యాప్‌లు ఆక్టేవ్‌లో పనిచేయవు.

• పెద్ద పెద్ద లూప్‌లు ఉన్న ప్రోగ్రామ్‌లు ఆక్టేవ్‌లో నెమ్మదిగా నడుస్తాయి. మ్యాట్‌ల్యాబ్ లూప్‌లను లోపల కంపైల్ చేసి వేగం పెంచుతుంది. ఆక్టేవ్‌లో ఆ వెసులుబాటు లేదు. లూప్‌లు తీసేసి మొత్తం మ్యాట్రిక్స్ మీద ఒకేసారి లెక్క చేసేలా రాసుకుంటే చాలావరకు సమస్య తీరుతుంది.

• వాహన రంగంలో ఉద్యోగం మీ టార్గెట్ అయితే మ్యాట్‌ల్యాబ్, సిమ్యులింక్ పూర్తిగా వదిలేయకండి. కాలేజీలో లైసెన్స్ ఉన్నన్నాళ్లూ నేర్చుకోండి. దాంతో పాటే ఓపెన్ సోర్స్ కూడా పట్టుకోండి.

తెలుగులో నేర్చుకోవచ్చా?

నేర్చుకోవచ్చు. ఐఐటీ బాంబేలో ఫోసీ అనే ప్రాజెక్టు నడుస్తోంది. కేంద్ర విద్యాశాఖ నిధులతో, చదువుల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను పెంచడానికే దీన్ని పెట్టారు. సైల్యాబ్, పైథాన్‌లతో పాటు ఎలక్ట్రానిక్స్ వాళ్లకు ఈసిమ్, కెమికల్ వాళ్లకు డీడబ్ల్యూసిమ్ లాంటి వాటి మీద కూడా ఇక్కడ పని జరుగుతోంది. ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకాల్లో సాల్వ్ చేసిన లెక్కలను విద్యార్థులే సైల్యాబ్‌లో రాసి ఇచ్చే కార్యక్రమం కూడా నడిపారు. అలా రాసిన విద్యార్థులకు గౌరవ వేతనం ఇచ్చారు. ఆ కోడ్‌లన్నీ ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. సైల్యాబ్ ఇన్‌స్టాల్ చేసుకోకుండా బ్రౌజర్‌లోనే నడిపే సదుపాయం కూడా తెచ్చారు.

ఐఐటీ బాంబేదే స్పోకెన్ ట్యుటోరియల్ అనే మరో ప్రాజెక్టు ఉంది. ఇందులో చిన్న చిన్న వీడియో పాఠాలు ఉంటాయి. తెలుగుతో పాటు పలు భారతీయ భాషల్లో ఆడియో ఇచ్చారు. స్క్రీన్ మీద చేసి చూపిస్తుంటారు.. చూస్తూ పక్కనే మనమూ చేసుకుంటూ వెళ్లొచ్చు.

ఇంకో మాట. మీ ల్యాబ్ సిలబస్ కాగితం ఒకసారి తీసి చూడండి. "మ్యాట్‌ల్యాబ్ లేదా దానికి సమానమైన సాఫ్ట్‌వేర్" అని ఉందంటే, ఆక్టేవ్‌లోనో సైల్యాబ్‌లోనో ప్రయోగాలు చేస్తామని మీ సార్‌నో మేడమ్‌నో ముందే అడిగి ఒప్పించుకోవచ్చు. ఎక్స్‌టర్నల్ పరీక్ష రోజు వరకు ఆగకండి.

చాలామందికి వచ్చే డౌట్లు.. సమాధానాలు

ఆక్టేవ్‌లో రాసిన ప్రోగ్రామ్‌ను అమ్ముకోవచ్చా?
అమ్ముకోవచ్చు. ఆక్టేవ్‌కు జీపీఎల్ లైసెన్స్ ఉంది. అది ఆక్టేవ్ సాఫ్ట్‌వేర్‌కు వర్తిస్తుంది. పూర్తిగా ఆక్టేవ్ భాషలో మీరు రాసుకున్న ప్రోగ్రామ్ మీది. దానికి మీకు నచ్చిన లైసెన్స్ పెట్టుకోవచ్చు. ఆక్టేవ్ లోపలి సీ ప్లస్ ప్లస్ కోడ్‌కు కలిపి మాడ్యూల్ రాసి పంచితే మాత్రం జీపీఎల్ షరతులు పాటించాలి.

ఆఫీసులో వాడినా ఉచితమేనా?
ఉచితమే. విద్యార్థికో రూలు, కంపెనీకో రూలు ఉండదు. ఎన్ని కంప్యూటర్లలోనైనా పెట్టుకోవచ్చు.

ఆక్టేవ్‌లో రాసింది మళ్లీ మ్యాట్‌ల్యాబ్‌లో నడుస్తుందా?
నడిచేలా రాస్తే నడుస్తుంది. ఆక్టేవ్‌లో కొన్ని అదనపు సౌకర్యాలు ఉన్నాయి. కామెంట్‌కు హ్యాష్ గుర్తు (#), కలిపి దాచడానికి +=, సమానం కాదు అనడానికి != లాంటివి. ఇవి మ్యాట్‌ల్యాబ్‌కు అర్థం కావు. రెండింటిలోనూ నడవాలంటే వీటి జోలికి వెళ్లకండి.

ల్యాప్‌టాప్ పాతది. పనిచేస్తుందా?
ఆక్టేవ్ విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. ఇన్‌స్టాల్ చేసే ముందే ఒకసారి ట్రై చేయాలంటే బ్రౌజర్‌లో నడిచే ఆక్టేవ్ ఆన్‌లైన్ సైట్ ఉంది.

మారడానికి ఎంత టైమ్ పడుతుంది?
అది మీ కోడ్‌ను బట్టి ఉంటుంది. బేస్ మ్యాట్‌ల్యాబ్‌లోనే రాసిన ల్యాబ్ ప్రోగ్రామ్‌లు ఆక్టేవ్‌లో చాలావరకు అలాగే నడుస్తాయి. టూల్‌బాక్స్‌ల మీద ఎక్కువగా ఆధారపడిన ప్రాజెక్టు అయితే ఓపిక పట్టాలి. పైథాన్‌కు మారడమంటే కోడ్ తిరగరాయడమే.

చివరిగా..

డబ్బు ఖర్చు లేదని ఒక్కరోజులో అన్నీ మార్చేయకండి. ముందు ఒక చిన్న ప్రోగ్రామ్ తీసుకోండి. దాన్ని ఆక్టేవ్‌లో నడిపి, దాచుకున్న పాత జవాబుతో పోల్చండి. కలిసిందా, రెండోది తీసుకోండి. వీలైతే కొన్నాళ్లు రెండు సాఫ్ట్‌వేర్‌లూ పక్కపక్కనే ఉంచండి. అన్ని జవాబులూ కలిశాకే పాతది వదిలేయండి.

మీ లైసెన్స్ గడువు తేదీ ఎప్పుడో ఇవాళే ఒకసారి చూసుకోండి. లైవ్ స్క్రిప్ట్‌లు, డేటా ఫైళ్లు, సమాధానాలు.. ఈ మూడూ ముందు సేవ్ చేసి పెట్టుకుంటే చాలు. మిగతాది తీరిగ్గా చేసుకోవచ్చు.